అరకు టూర్ పేజీలన్నీ ఒకేలా.. గూగుల్‌లో మీ పేజీ ఎందుకు కనిపించడం లేదంటే?

విశాఖపట్నం: ఫోన్‌లో 'వైజాగ్ నుంచి అరకు టూర్' అని కొట్టి చూడండి. బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, కాఫీ తోటలు, అద్దాల రైలు పెట్టె.. ఏ పేజీ తెరిచినా దాదాపు అవే మాటలు. పాత పేజీ నుంచి కాపీ కొడితే పాత తప్పు కూడా వచ్చేస్తుంది. అరకు 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది, విశాఖ జిల్లాలో కాదు.

ఒకే మ్యాటర్ ఉన్న పేజీలను గూగుల్ ఒక గుంపుగా కట్టేస్తుంది. అందులో ఒకదాన్ని అసలు పేజీగా ఎంచుకుని సాధారణంగా దాన్నే చూపిస్తుంది. మిగతావి వెనక్కి పోతాయి. దీన్ని 'డూప్లికేట్ పెనాల్టీ' అని భయపెడుతుంటారు గానీ, మామూలు కాపీకి విడిగా శిక్షంటూ లేదు. అయితే డబ్బులు పోసి సైట్ చేయించుకున్న చిన్న ట్రావెల్స్ ఓనర్‌కు ఆ తేడాతో పనేముంది? ఆయన ఫోన్ మాత్రం మోగదు.

ఏటికొప్పాక బొమ్మలదీ ఇదే ముప్పు. అంకుడు కర్రతో చేసే ఈ లక్క బొమ్మలకు 2017లో జీఐ ట్యాగ్ వచ్చింది. కళాకారుడు తన పేజీలో రాసుకున్న నాలుగు లైన్లను పెద్ద షాపింగ్ సైట్‌లో ఎవరైనా యథాతథంగా పెడితే, గూగుల్ ఆ పెద్ద సైట్‌నే అసలుదని అనుకునే అవకాశం ఉంది.

ఇక కొందరి తెలివి వేరు. గాజువాక, మధురవాడ, ఎంవీపీ కాలనీ అంటూ ఏరియా పేరు మార్చి అదే ఏసీ రిపేర్ పేజీని ఇరవైసార్లు పెడతారు. ఇది మాత్రం గూగుల్ రూల్స్ ప్రకారం స్పామే. సైట్ మొత్తానికే దెబ్బ పడొచ్చు.

టైటిల్ దగ్గరా అంతే. ప్రతి పేజీకీ 'హోమ్' అనో, షాపు పేరో పెట్టి వదిలేస్తే ఏది దేని గురించో తెలియదు. 'విశాఖ వైజాగ్ విశాఖపట్నం వాల్తేరు' అని అన్ని పేర్లూ కుక్కడమూ దండగే. టైటిల్ నచ్చకపోతే గూగుల్ తనే మార్చి చూపిస్తుంది.

వీడియోలు పెట్టేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. యూట్యూబ్ టైటిల్‌కు 100 అక్షరాల వరకు చోటుంది, కానీ ఫోన్ స్క్రీన్ మీద అంతా కనపడదు. 'వైజాగ్ వ్లాగ్ పార్ట్ 12' అంటే ఎవరు వెతుకుతారు చెప్పండి? ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి 1969లో నేవీలో చేరిందని, 2002లో మ్యూజియం అయిందని అందరూ చెప్పేదే. లోపలి ఇరుకు తలుపుల్లోంచి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు దూరగలరా? ఆ సంగతి మీ వీడియోలో ఉంటే అదే టైటిల్‌లో ముందు పెట్టండి.

మీ మ్యాటర్ ఇంకెక్కడైనా ఉందేమో చూడటానికి ఓ చిన్న చిట్కా ఉంది. మీ పేజీలోంచి ఒక పూర్తి వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. గూగుల్ మీ పేజీని తీసుకుందా, డూప్లికేట్ అని పక్కన పెట్టిందా అన్నది సెర్చ్ కన్సోల్‌లో ఉచితంగానే తెలుస్తుంది.