పుంగనూరు ఆవు: మడక నుంచి మేడ దాకా

పుంగనూరు ఆవును జెర్సీ మింగేసిందన్నది తరచూ వినబడే మాట. అందులో సగమే నిజం. పుంగనూరు, వాయల్పాడు, మదనపల్లె, పలమనేరు ప్రాంతాల్లో రూపుకట్టిన ఈ జాతిని జమీందార్లు ఆదరించారు గానీ, తరతరాలుగా నిలబెట్టింది మెట్ట రైతు అవసరం. ఎత్తు మీటరుకు అటూ ఇటూ, బరువు 200 కిలోలకు లోపే; పొట్టి కొమ్ములు, నేలను తాకే తోక. వానల్లేని ఏడు కూడా ఎండు సొప్పతో నెట్టుకొచ్చేది. తేలిక నేలలో మడక లాగడానికి దాని ఎద్దులు చాలు. రోజుకు మూడు నాలుగు లీటర్ల చిక్కటి పాలు ఇంటి మజ్జిగకు, నెయ్యికి సరిపోయేవి. ట్రాక్టరు వచ్చి ఎద్దు పని తీసేసింది. పాలకేంద్రం వచ్చాక లీటర్లే లెక్కయ్యాయి. ఆ లెక్కలో సంకరజాతి ఆవు ముందు ఇది నిలవలేదు. చెనక్కాయ పంట ఎండిన ఏళ్లలో ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్లను పాడే ఆదుకుంది. కాబట్టి రైతును తప్పుపట్టడం అన్యాయం. జెర్సీ వచ్చేసరికే పుంగనూరు ఆవుకు పొలంలో చోటు తగ్గిపోతోంది.

ఆ తర్వాత దాన్ని కాపాడింది రైతు కొట్టం కాదు. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పలమనేరులో నడిచే పశు పరిశోధన కేంద్రం మందను నిలిపింది. దేశవాళీ ఆవుల పాలు స్వామి కైంకర్యాలకు కావాలన్న తలంపుతో తిరుమల తిరుపతి దేవస్థానం గోశాల కూడా ఈ జాతిని చేరదీసింది. గుడి ఆదరణతో గౌరవం తిరిగొచ్చింది, గిరాకీ పెరిగింది. 2013లో మూడు వేలకు లోపున్న సంఖ్య 2019 పశుగణన నాటికి 13 వేలు దాటింది. ఇక భయమెందుకని అడగొచ్చు. ఆ లెక్కలో శుద్ధమైన పశువులతో పాటు జాతి పోలికలున్నవీ కలిసి ఉన్నాయి. గిరాకీ ఉన్నచోట పోలిక పుట్టించడం కష్టమేమీ కాదు.

పైగా ఇప్పటి గిరాకీ పొట్టిదనానిది. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెట్టిన ఫొటోలు దేశమంతా తిరిగాయి. మేడ ముందు పచ్చికలో తిరిగే బుల్లి ఆవు హోదాకు గుర్తయింది. మోకాలెత్తు దూడ కావాలని అడిగేవాళ్లకు కరువును తట్టుకునే గుణంతో పనేముంది? ఒకే మోజు మీద బతికే పశువుకు ఆ మోజే గండం. అంగోరా కుందేలు సంగతి చూడండి: 2013 చివర్లో చైనా ఫారాల్లో బతికున్న కుందేళ్ల బొచ్చు పీకే వీడియో బయటపడగానే పెద్ద బట్టల కంపెనీలు చాలా వరకు ఆ ఉన్ని కొనడం మానేశాయి. పుంగనూరు ఆవును కొన్నవాళ్లు ప్రేమగా సాకుతారు కదా అంటారా, సాకుతారు, కాదనను. కానీ ఒంటి ఆవుతో జాతి నిలవదు. దానికి ఆంబోతు కావాలి, తల్లీతండ్రుల వివరం రాసిన పుస్తకం కావాలి, పాలివ్వని కోడెదూడను సైతం పోషించే చోటు కావాలి. మూడోది ఒకప్పుడు మెట్ట రైతు దగ్గర ఉండేది. లక్షలు పలికే ఈ బేరంలో కొనేవాళ్ల వరసలో అతను లేడు.