కోరంగి ఓడలు

నిజామాబాద్ జిల్లాలోని వర్ని పొలాలకు నీళ్లిచ్చే నిజాంసాగర్ ప్రాజెక్టు మంజీర నది మీదిది. ఆ మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కణ్ణుంచి నది వెంబడే పోతే చివర్న, కాకినాడకు దక్షిణాన, గౌతమి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట కోరంగి వస్తుంది. ఇప్పుడు అందరూ అక్కడికి మడ అడవులు చూడ్డానికి వెళ్తున్నారు. ఒకనాడు అది తూర్పు తీరంలో పేరుమోసిన ఓడరేవు.

అక్కడ ఓడలు కట్టేవారు కూడా. వడ్రంగులు పలకను పలకకు బిగించి, సందుల్లో పీచు కూరి, పైన కీలు పూసేవారు. నీటి చుక్క దూరకుండా నెలల తరబడి చేసే పని అది.

1789 డిసెంబరు తుఫానులో సముద్రం మీంచి మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిది ఊళ్లోకి నీళ్లు తెచ్చింది, రెండోది పల్లాన్నంతా ముంచింది, మూడోది మిగిలినదాన్ని ఊడ్చేసింది. ఇరవై వేలమంది పోయారంటారు. అయినా కోరంగి లేచి నిలబడింది. 1802లో రోబక్ అనే దొర అక్కడ ఓడల మరమ్మతుకు డాక్ కట్టించాడు. అంత దెబ్బ తిన్నాక కూడా ఆ ఒడ్డునే మళ్లీ పలకలు పేర్చిన చేతుల్ని తలచుకుంటే నా గుండె బరువెక్కుతుంది.

1839 నవంబరు 25న తుఫాను మళ్లీ వచ్చింది. ఉప్పెన నలభై అడుగులు లేచిందని రాశారు. బంగాళాఖాతం అక్కడ లోతు తక్కువ, నేలా పల్లమే. గాలి తోసిన నీటికి ఊరి మీద పడడం తప్ప వేరే దారి లేదు. క్షేమమనుకుని లంగరేసిన చోటే ఓడలు తాళ్లు తెంచుకుని పగిలిపోయాయి. మూడు లక్షలమంది చనిపోయారన్న అంకె నాకు నమ్మబుద్ధి కాదు. కానీ డాక్ కట్టించిన దొర పేరు చరిత్రలో మిగిలింది; ఓడలతో పోయిన కళాసీల్లో ఒక్కరి పేరూ నాకెక్కడా కనబడలేదు. ఆ బాధ ముందు అంకె ఎంతన్నది చిన్న విషయం.

ఆ దెబ్బకు రేవు మళ్లీ కోలుకోలేదు. పాయ మేట వేసింది, వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. పేరు మాత్రం సముద్రం దాటింది. బతుకుతెరువుకు స్టీమరెక్కి బర్మా వెళ్లిన తెలుగువాడు ఏ జిల్లా నుంచి వచ్చినా అక్కడివాళ్లకు కోరంగీయే. 1930 మేలో రంగూన్ రేవు అల్లర్లలో ప్రాణాలు పోగొట్టుకున్న కూలీల్లో చాలామంది ఆ కోరంగీలే.