వేలంపాటలో పుట్టిన కథానాయిక

1688లో లండన్‌లో అఫ్రా బెన్ అనే రచయిత్రి ‘ఒరూనోకో’ అనే చిన్న నవల వెలువరించింది. ఆఫ్రికా నుంచి దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు బానిసగా చేరిన ఒక రాకుమారుడి కథ అది. అతని భార్య ఇమోయిండా నల్లని మనిషి, ఒంటినిండా పూలూ పక్షులూ చెక్కించుకున్న అందగత్తె. ఏడేళ్ల తర్వాత, 1695లో, థామస్ సదర్న్ అదే కథను నాటకంగా రంగస్థలం ఎక్కించాడు. అందులో రాకుమారుడు నల్లగానే ఉన్నాడు. ఇమోయిండా మాత్రం తెల్లమ్మాయి అయిపోయింది. లండన్ ప్రేక్షకులు ఆ తెల్ల ఇమోయిండా కోసం తరాల తరబడి కన్నీళ్లు పెట్టుకున్నారు. బెన్ రాసిన నల్లని ఇమోయిండా పుస్తకంలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత చాలాకాలం పాటు ఇదే జరుగుతూ వచ్చింది. బానిస స్త్రీని కథానాయికను చేయాలనుకున్న రచయితలు ముందు ఆమె రంగు మార్చారు, జుట్టు మార్చారు, ఆ తర్వాతే ఆమె బాధ చెప్పారు. ఈ అలవాటు సాహిత్యంలో పుట్టింది కాదు. దాని మూలాలు ఒక చట్టంలోనూ, ఒక సంతలోనూ ఉన్నాయి.

చట్టం 1662 నాటిది. అప్పటికి ఇంగ్లండు వలసగా ఉన్న వర్జీనియా శాసనసభ ఆ ఏడాది డిసెంబరులో ఒక తీర్మానం చేసింది: తండ్రి ఎవరైనా సరే, తల్లి బానిసైతే బిడ్డా బానిసే. ఇంగ్లండు సంప్రదాయంలో బిడ్డకు తండ్రి స్థితి వచ్చేది. దాన్ని ఇక్కడ కావాలని తిరగేశారు. దాంతో యజమాని తన బానిస మీద చేసిన అత్యాచారం అతనికి నేరం కాకపోగా, ఆస్తి పెంచే దారి అయింది. సొంత కూతుర్ని అమ్ముకోవచ్చు, కొడుక్కి ఆస్తి కింద రాసివ్వవచ్చు. ఇలా మూడు నాలుగు తరాలు గడిచేసరికి చూపులకు పూర్తిగా తెల్లవాళ్లే అనిపించే బానిసలు పుట్టుకొచ్చారు.

సంత న్యూ ఆర్లీన్స్‌లో ఉంది. 1808లో అమెరికా విదేశాల నుంచి బానిసల దిగుమతిని నిషేధించాక దేశంలోపలి వ్యాపారం విపరీతంగా పెరిగింది. అందులో ఒక ప్రత్యేక సరుకు ఉండేది. పొలం పనికి కాదు, వంటపనికీ కాదు, డబ్బున్న మగవాళ్లు ఉంచుకోవడానికి అమ్మే లేతరంగు అమ్మాయిలు. వ్యాపారులు వాళ్లను ‘ఫ్యాన్సీ గర్ల్స్’ అనేవారు. బానిసత్వం అనుభవించిన సాలమన్ నార్థప్ 1853లో అచ్చయిన తన ఆత్మకథలో ఒక తల్లీబిడ్డల గురించి రాశాడు. తల్లి పేరు ఎలైజా. ఆమెను ఒక తోట యజమాని 700 డాలర్లకు కొన్నాడు. ఆమె ఏడుపు చూడలేక ఎమిలీ అనే చిన్నపిల్లనూ కొంటానన్నాడు. వ్యాపారి ఒప్పుకోలేదు. ఇంకొన్నేళ్లు పెంచితే ఆ పిల్లకు న్యూ ఆర్లీన్స్‌లో 5000 డాలర్లు ఇచ్చేవాళ్లున్నారని చెప్పి ఆమెను తల్లి చేతుల్లోంచి లాగేసుకున్నాడు. తల్లి 700, కూతురు 5000. అందానికి ఆ సమాజం కట్టిన ధర అది, వడ్డీ లెక్కతో సహా.

ఈ వ్యాపారం పెరగడానికి ముందునుంచే ఇదే సమాజపు మగవాళ్లు నల్లవాళ్లకు అందమే లేదని సిద్ధాంతాలు రాస్తున్నారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ 1780లలో వర్జీనియా గురించి రాసిన పుస్తకంలో తెల్లవాళ్ల చర్మం, జారే జుట్టు, శరీర సౌష్ఠవం గొప్పవని వాదించాడు. అతని ఇంట్లో శాలీ హెమింగ్స్ అనే బానిస ఉండేది. 1998లో జరిగిన జన్యు పరీక్ష తర్వాత, ఆమె కన్న ఆరుగురు పిల్లల తండ్రి జెఫర్సనేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది అంగీకరించారు. ఆమె చిత్రపటం ఒక్కటీ లేదు. ఆమె దాదాపు తెల్లగా ఉండేదనీ, వీపు మీదికి జారే పొడుగాటి జుట్టు ఉండేదనీ అదే ఎస్టేటులో పనిచేసిన మరో బానిస చెప్పిన మాట మిగిలింది. సిద్ధాంతం రాసిన చేతికీ ఇంట్లో నడిచిన జీవితానికీ మధ్య ఇంత దూరం ఉన్నా అమెరికా ప్రజలు ఆ సిద్ధాంతాన్నే నమ్మారు.

బానిసత్వాన్ని ఎదిరించిన రచయితలు కలం పట్టేనాటికి పరిస్థితి ఇది. వాళ్లు మంచివాళ్లు, ధైర్యవంతులు. అందులో అనుమానం లేదు. కానీ వాళ్ల పాఠకులు అమెరికా ఉత్తరాది తెల్ల మధ్యతరగతి గృహిణులు. ఆ పాఠకురాలు కథలోని బానిసను చూసి ‘ఇది నా కూతురే అయితే?’ అనుకోవాలి. అందుకు దగ్గరి దారి బానిసను ఆ కూతురిలాగే చూపించడం. 1842లో లిడియా మరియా చైల్డ్ ‘ది క్వాడ్రూన్స్’ అనే కథ రాసింది. నాలుగోవంతు మాత్రమే ఆఫ్రికా రక్తం ఉన్న రోసలీ, ఆమె కూతురు జరిఫా అందులో నాయికలు. తెల్ల ప్రియుడు మరొకరిని పెళ్లాడితే రోసలీ దిగులుతో చనిపోతుంది. కూతురు వేలంలో అమ్ముడై, మతి చలించి చనిపోతుంది. అందం, వంచన, మరణం. తర్వాత దశాబ్దాలపాటు అమెరికాలో బానిస నాయిక కథ ఈ వరసలోనే నడిచింది.

స్వయంగా బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన విలియం వెల్స్ బ్రౌన్ కూడా దీన్ని తప్పించుకోలేకపోయాడు. 1853లో లండన్‌లో అచ్చయిన అతని ‘క్లోటెల్’ ఆఫ్రికన్ అమెరికన్ రాసిన తొలి నవలగా పేరు పొందింది. చైల్డ్ కథలోని భాగాలను అతను దాదాపు ఉన్నవి ఉన్నట్టు తీసుకున్నాడు. నాయిక జెఫర్సన్ కూతురు. రిచ్‌మండ్ వేలంలో ఆమె ధర 1500 డాలర్లకు చేరుతుంది. చివరికి వాషింగ్టన్‌లో, తరుముతున్నవారికి చిక్కకుండా పోటోమాక్ నదిలో దూకి చనిపోతుంది. ఈ నవలను బ్రౌన్ తర్వాత తిరగరాశాడు. 1864 నాటి రూపంలో నాయకుణ్ణి నల్లని, పూర్తి ఆఫ్రికన్ రక్తంగల అందగాడిగా మార్చాడు. నాయిక రంగు మాత్రం మార్చలేదు. నల్లని మగవాణ్ణి వీరుడిగా ఊహించుకోవడం అప్పటికి వీలైంది. నల్లని స్త్రీని అందగత్తెగా ఊహించుకోవడం ఇంకా వీలు కాలేదు.

ఈ కథల్లో జుట్టుకున్న చోటు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. హ్యారియెట్ బీచర్ స్టోవ్ 1852లో పుస్తకంగా తెచ్చిన ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ అమెరికాలో మొదటి ఏడాదే మూడు లక్షల ప్రతులు అమ్ముడైంది. అందులో ఎమ్మెలిన్ అనే పదిహేనేళ్ల అమ్మాయి వేలానికి వస్తుంది. ఎవరి కన్నూ పడకూడదని తల్లి ఆమె ఉంగరాల జుట్టును నున్నగా వెనక్కి దువ్వేస్తుంది. వ్యాపారి చూసి, మళ్లీ ఉంగరాలు తిప్పి రమ్మంటాడు. వాటివల్ల ధరలో వంద డాలర్ల తేడా రావచ్చని అతని లెక్క. స్టోవ్‌కు ఈ సంత ఎలా నడుస్తుందో బాగా తెలుసు. అయినా ఆమె నవలలో పాఠకుల ప్రేమ దక్కేది తెల్లగా కనిపించే మరో ఎలైజాకు, ఎమ్మెలిన్‌కు, క్యాసీకి. నల్లని క్లోయి వంటింట్లో ఉంటుంది. నల్లని టాప్సీ నవ్వించడానికి ఉంటుంది. ‘క్లోటెల్’లోనేమో కొత్త యజమానురాలు అసూయతో నాయిక పొడుగాటి జుట్టు కత్తిరించేయిస్తుంది.

ఇవి కల్పితాలు. ఇక ఒక నిజమైన కాగితం సంగతి చెప్తాను. 1835 వేసవిలో నార్త్ కరోలినాలోని ఈడెంటన్ ఊరి డాక్టర్ జేమ్స్ నార్కమ్, పారిపోయిన ఒక బానిసను పట్టిచ్చినవారికి 100 డాలర్లు ఇస్తానని పత్రికలో ప్రకటన వేయించాడు. పేరు హ్యారియెట్, వయసు 21, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, లేతరంగు, బొద్దుగా ఉంటుంది, చక్కగా మాట్లాడుతుంది అని రాశాడు. జుట్టు దగ్గర ఇంకా వివరంగా వెళ్లాడు: ఒత్తుగా, నల్లగా, సహజంగానే ఉంగరాలు తిరిగి ఉంటుందనీ, దువ్వితే సులువుగా సాఫుగా అవుతుందనీ. ఆ జుట్టు గురించి అతనికి అంత బాగా తెలియడంలో ఆశ్చర్యం లేదు. ఏళ్లతరబడి ఆమెను వేధించినవాడు, కోపం వచ్చినప్పుడు ఆ జుట్టును తన చేతులతోనే కురచగా కత్తిరించినవాడు అతనే.

ఆ హ్యారియెట్ జేకబ్స్ ఊరు విడిచి వెళ్లలేదు. తన అమ్మమ్మ ఇంటి చూరు కింద తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున్న అటకలో దాదాపు ఏడేళ్లు దాక్కుంది. నిలబడటానికి వీల్లేని చోటు అది. కింద తన పిల్లలు ఆడుకుంటుంటే ఒక కంతలోంచి చూసుకునేది. 1842లో ఉత్తరాదికి చేరింది. ఆమె కథను తన పుస్తకంలో ఒక ఉదాహరణగా వాడుకుంటానని స్టోవ్ ప్రతిపాదిస్తే జేకబ్స్ నిరాకరించింది. తన కథ తానే రాసుకుంది. 1861లో లిండా బ్రెంట్ అనే మారుపేరుతో అది అచ్చయింది. దానికి సంపాదకురాలు లిడియా మరియా చైల్డే. కల్పిత క్వాడ్రూన్‌ను సృష్టించిన మనిషి చేతుల మీదుగానే నిజమైన స్త్రీ గొంతు బయటికొచ్చింది.

ఆ పుస్తకంలో నాయిక ముఖవర్ణన కోసం వెతికినవారికి నిరాశే. కళ్లు, పెదవులు, నడుము ఏవీ లేవు. బానిస పిల్లకు దేవుడు అందం ఇస్తే అంతకుమించిన శాపం లేదని మాత్రం రాసింది. దిగులుతో చనిపోవడం కూడా ఆమె కథలో లేదు. ఎత్తులు వేస్తుంది, తప్పుడు చిరునామాలతో ఉత్తరాలు పంపి డాక్టరును ఏమారుస్తుంది, పిల్లల్ని విడిపించుకుంటుంది. ఈ పుస్తకం ఎవరో తెల్ల రచయిత కల్పించిందని చాలామంది విమర్శకులు నూరేళ్లకు పైగా అనుకున్నారు. 1980లలో జీన్ ఫేగన్ యెల్లిన్ ఉత్తరాలూ దస్తావేజులూ బయటికి తీసి అది అక్షరాలా జేకబ్స్ రాసిందేనని నిరూపించింది. దీన్ని నమ్మలేకపోవడానికి ఒక కారణం అంతకుముందు వచ్చిన నవలలేనని నా అభిప్రాయం. బానిస స్త్రీ అంటే అందంగా ఏడ్చి చచ్చిపోవాలని అవి పాఠకులకు నేర్పాయి.

బానిస నాయికను తెల్లగా చూపే అలవాటు బ్రెజిల్‌లో ఇంకా ముదిరింది. 1875లో బెర్నార్దో గిమరాయిష్ రాసిన ‘ఇసౌరా అనే బానిస’ నవల, పియానో ముందు కూర్చున్న నాయికతో మొదలవుతుంది. ఆమె మేనిరంగు ఆ పియానో మెట్ల దంతపు రంగు. తల్లి బానిస, తండ్రి పోర్చుగీసువాడు. ఆమెను చూసి కుళ్లుకునే రోజా మాత్రం ఆమెకంటే నల్లనిది. నవల వచ్చిన పదమూడేళ్లకు, 1888 మే 13న బ్రెజిల్ బానిసత్వాన్ని రద్దు చేసింది. ఈ నవల కూడా ఆ రద్దు పోరాటానికి తోడ్పడిందనే అంటారు. కానీ 1976లో గ్లోబో టీవీ దీన్ని సీరియల్‌గా తీసినప్పుడు ఇసౌరాగా వేసింది తెల్లని నటి లుసేలియా శాంతోస్. క్యూబా, పోలండ్, చైనా సహా ఎన్నో దేశాల్లో జనం టీవీల ముందు కూర్చుని ఆమె కోసం ఏడ్చారు. ఆఫ్రికా నుంచి అందరికంటే ఎక్కువమంది బానిసల్ని దింపుకున్న దేశం తన బానిసత్వానికి ప్రతినిధిగా ప్రపంచానికి చూపించిన ముఖం అది.

అమెరికా కథల్లో తెల్లని అందగత్తె ఒకవైపు ఉంటే, రెండోవైపు లావుపాటి, నల్లని, ఎప్పుడూ యజమాని పిల్లలకు సేవ చేసే ‘మామ్మీ’ ఉంటుంది. ‘గాన్ విత్ ద విండ్’ సినిమాలో ఆ పాత్ర వేసిన హాటీ మెక్‌డేనియల్ 1940లో ఆస్కార్ అందుకుంది. ఆ బహుమతి పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆమె. అదే వేడుకలో ఆమెను తోటి నటుల పక్కన కాకుండా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. 1933లో స్టెర్లింగ్ బ్రౌన్ అనే కవి, విమర్శకుడు ఇలాంటి మూస పాత్రలను ఒక వ్యాసంలో వరసపెట్టి ఎండగట్టాడు. విషాద మిశ్రమజాతి నాయిక కూడా అందులో ఉంది.

మూస బద్దలైంది నల్లజాతి స్త్రీలు రాసిన నవలల్లో. 1966లో మార్గరెట్ వాకర్ ‘జూబిలీ’, 1979లో ఆక్టేవియా బట్లర్ ‘కిండ్రెడ్’, 1986లో షెర్లీ ఆన్ విలియమ్స్ ‘డెసా రోజ్’ వచ్చాయి. 1987లో టోనీ మారిసన్ ‘బిలవ్డ్’ రాసింది. 1856లో కెంటకీ నుంచి గడ్డకట్టిన ఒహాయో నది దాటి పారిపోయి, పట్టుబడే క్షణంలో కూతుర్ని చంపుకున్న మార్గరెట్ గార్నర్ ఉదంతం దానికి ఆధారం. అందులో మనం వివరంగా చూసేది నాయిక సెథ్ వీపు మీది కొరడా వాతల్ని. అడవిలో ముసలి బేబీ సగ్స్ తనవాళ్లందర్నీ కూడగట్టి, మీ చేతుల్ని, మెడల్ని, నోళ్లను మీరే ప్రేమించుకోండి, ఇంకెవరూ ప్రేమించరు అని బోధిస్తుంది. వేలంపాటలో ముక్కలు ముక్కలుగా ధర కట్టిన శరీరాన్ని ఆ మనుషులు తిరిగి తమది చేసుకునే ఘట్టం అది. నేను చదివిన వాటిలో బానిస స్త్రీ అందం గురించి ఇంతకంటే గొప్ప పేజీలు లేవు.

తెలుగు పాఠకుల్లో చాలామందికి ఈ చరిత్ర చేరింది అలెక్స్ హేలీ ‘రూట్స్’ ద్వారా. సహవాసి తెలుగుచేసిన ‘ఏడు తరాలు’ను హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. అందులో కిజ్జీ అనే బానిస మీద యజమాని జరిపిన అత్యాచారం, ఆమెకు పుట్టిన కొడుకు అదే యజమానికి ఆస్తి కావడం చదివి చలించనివారు లేరు. మన దొరల గడీల్లోనూ దాసీలు ఉండేవారు. బి. నరసింగరావు 1988లో తీసిన ‘దాసి’ 1920ల తెలంగాణలో దొర ఇంట్లో బతికే కమలాక్షి కథ. అక్కడి చట్టానికీ ఇక్కడి గడీకీ ఒక తేడా ఉంది. వర్జీనియాలో బానిస కన్న బిడ్డ యజమానికి లాభం. గడీలో దాసి కడుపున పడ్డ దొర బిడ్డ వారసత్వానికి చిక్కు, అందుకే కమలాక్షికి బలవంతంగా గర్భస్రావం చేయిస్తారు. లాభానికైనా నష్టానికైనా లెక్క కట్టింది ఆడమనిషి ఒంటి మీదే. ఆ పాత్ర వేసిన అర్చన తన చామనఛాయను దాచుకోకుండా నటించింది, జాతీయ ఉత్తమ నటి అయింది. నాయిక అంటే తెల్లగా ఉండాలనే సినీపరిశ్రమలో అది చిన్న సంగతి కాదు.

‘ఏడు తరాలు’ చదివినవారు హ్యారియెట్ జేకబ్స్‌నూ చదవండి. గడీ కథలు రాయబోయేవారు ‘దాసి’ని మరొక్కసారి చూడండి.