జొన్నల్లో అప్పు, జొన్నల్లో జమ

కేతకీ సంగమేశ్వరుడి గుడి ఉండడం వల్ల మా ఝరాసంగం పేరు కర్ణాటక, మహారాష్ట్రల దాకా తెలుసు. శివపూజకు పనికిరాదని చెప్పే మొగలిపువ్వు ఇక్కడ స్వామికి ఎక్కుతుంది. ఆ స్థలపురాణం చెప్పేవాళ్లకు కొదవ లేదు. మా మండలానికి ఇంకో చరిత్ర కూడా ఉంది. అది గింజలది, అప్పులది, ఆ అప్పుల లెక్కను నోటిమీద నడిపిన ఆడవాళ్లది. తెలిసిన పెద్దలు ఉండగానే దాన్ని రాసిపెట్టుకోవాలి.

మా మండలం ఉన్న జహీరాబాద్ తాలూకా ఒకప్పుడు బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో మెదక్ జిల్లాలో కలిసింది, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. జిల్లాలు మారినా పేదోడికి అప్పు పుట్టే గడప చాలాకాలం మారలేదు. వానకాలం మొదట్లో ఇంట్లో గింజలు అయిపోయేవి. అప్పుడు ఉన్నవాళ్ల ఇంటికి పోయి నాగుకు తెచ్చుకోవాల్సి వచ్చేది. పంట చేతికొచ్చాక ఒకటికి ఒకటిన్నరో, రెండో కొలిచి ఇవ్వాల్సి వచ్చేది. వాన తప్పిన ఏడు బాకీ మీద బాకీ పడేది. అది తీరక కొడుకును జీతానికి పెట్టిన ఇళ్లు ఈ సీమలో ఎన్నో ఉన్నాయి.

1983లో రెండు సంగతులు జరిగాయి. ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడు, మైసూరులో పుట్టి దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి.సతీష్ మరికొందరితో కలిసి జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించారు. చౌక బియ్యం ఆకలి తీర్చింది. కాదనేవాళ్లు ఆ రోజులు చూడనివాళ్లే. అయితే మా ఎర్ర చెలకల్లో వరి పండదు. ఇంటికి బియ్యం వస్తుంటే జొన్న చేను ఎవరు దున్నుతారు? అసలే ఎద్దులు లేని, ఎరువు కొనలేని దళిత కుటుంబాల చెలకలు పడావు పడ్డాయి. రేషన్ దుకాణంలో ఈ నేల పండించే గింజ ఎందుకు ఉండకూడదని సతీష్ జీవితాంతం అడుగుతూనే ఉన్నారు.

1990ల నడుమ ఆ ప్రశ్నకు ఊళ్లే జవాబు చెప్పాయి. పడావు చేలను సాగులోకి తెచ్చుకోవడానికి, సొసైటీ ఊళ్లలో కట్టిన ఆడవాళ్ల సంఘం అప్పిచ్చింది. దున్నకం, ఎరువు, విత్తనాల ఖర్చు దాంట్లోనే. తీసుకున్న రైతు ఆ బాకీని కొన్నేళ్లపాటు జొన్నల రూపంలో ఊరి ధాన్యనిధికి కట్టాల్సి ఉండేది. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ ఉండేవి. గింజలు దొరకని నెలల్లో వాటిని పేద ఇళ్లకు బజారు ధర కంటే తక్కువకు అమ్మేవాళ్లు. వచ్చిన డబ్బు మళ్లీ నిధిలో పడేది, మళ్లీ ఏదో ఒక చెలకకు అప్పు అయ్యేది.

ఎవరు పేదోళ్లు అన్నది ఏ ఆఫీసరూ తేల్చలేదు. నడివీధిలో ముగ్గుతో ఊరి పటం గీసి, ఒక్కొక్క ఇల్లు చూపిస్తూ, ఈ ఇంట్లో గింజలు ఎన్ని నెలలకు వస్తాయి, ఆ ఇంట్లో కూలికి పోయే చేతులు ఎన్ని అని అందరి ముందూ తేల్చుకున్నారు. మరీ లేనోళ్లకు ఎక్కువ వాటా. కులం, కుటుంబం, పార్టీ అన్నీ ఎరిగిన ఊళ్లో ఎదురెదురుగా కూచుని ఈ లెక్క తేల్చడం మాటలు కాదు. మా ప్రాంత చరిత్రలో నేను అన్నిటికన్నా గొప్పదిగా ఎంచేది ఆ ముగ్గు పటాన్నే.

విత్తనాల సంగతి ఇంకా ఇంటిలోపలిది. పచ్చజొన్న, తెల్లజొన్న, కొర్ర, సామ, తైద, కంది, అనుము, కుసుమ, అవిసె ఇలా పదుల రకాలను బూడిద, వేపాకు కలిపి, పేడ పూసిన గుల్లల్లో దాచేది ఆడవాళ్లే. నీళ్లు కట్టకుండా, యాసంగిలో మంచు తాగి పండేవాటిని వాళ్లు సత్యం పంటలు అంటారు. ఇరుగు పొరుగు వచ్చి అడిగితే కొలిచి ఇస్తారు. పంటయ్యాక తీసుకున్నదానికి మించి, మామూలుగా రెట్టింపు, తిరిగి వస్తుంది.

రెట్టింపు అంటే నాగు కూడా రెట్టింపే కదా అని ఎవరైనా అనవచ్చు. నాగు గింజలు షావుకారి పాతరలో పడి, మరుసటి ఏడు ఇంకో ఇంటిని అప్పులోకి దించేవి. సంఘం గుల్లలో పడిన గింజలు మరుసటి ఏడు ఇంకో ఇంటి చేనులో విత్తనమయ్యాయి. ఇచ్చే ఆడమనిషికి అడిగే ఇంటి గుట్టు తెలుసు, ఎవరి కోడలు కాన్పుకు ఉందో, ఎవరి ఎద్దు పోయిందో తెలుసు. కాబట్టే హామీ సంతకం అడగలేదు. పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 2017లోనే పోయింది. ఆ బ్యాంకుల చరిత్ర పుస్తకాల్లో భద్రంగా ఉంది. గుల్ల ముందు కూచుని కొలిచినవాళ్ల చరిత్ర ఏ పుస్తకంలో ఉంది?

మా మండలంలోని మాచ్నూర్‌లో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. దళిత మహిళలే నడిపే ఆ రేడియోలో విత్తనం కబుర్లు, పాటలు మా యాసలోనే వినిపించాయి. ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద గింజల కుండలు పెట్టుకుని పాత పంటల జాతర ఊరూరూ తిరిగింది. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి సొసైటీకి వచ్చింది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకుంటుండగా, మార్చి 19న సతీష్ కన్నుమూశారు.

ఇప్పుడు చెరుకు, పత్తి మా చేలను ఆక్రమించాయి. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో 12 వేలకు పైగా ఎకరాల్లో పారిశ్రామిక జోన్ కోసం భూసేకరణ సాగుతోంది. పిల్లలకు ఉద్యోగాలు కావాలి, నిజమే. చెలక పోయిన ఇంట్లో విత్తనం మాత్రం నిలవదు. దాచినా వేసే చోటు ఉండదు.

జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ ఊళ్లో అది ఉందో లేదో పోయి అడగండి. విత్తనాల పేర్ల పక్కన వాటిని దాచినవాళ్ల పేర్లు, ధాన్యనిధి లెక్క చూసినవాళ్ల పేర్లు, వాళ్ల ఒప్పుదలతో రాయించండి. మీ ఇంట్లో అవ్వ ఉంటే ముందు ఆమెను అడగండి.