గండికోట నుంచి బందరు రేవుకు

మాది జమ్మలమడుగు సీమ, సముద్రం దూరం. అయినా గండికోట చరిత్ర వెదుకుతూ పోయి బందరు రేవులో తేలాను. 1650లో పెమ్మసాని వారి నుంచి ఆ కోటను గెలిచిన గోల్కొండ సేనాని మీర్ జుమ్లా, అంతకు ముందు మచిలీపట్నానికి పాలనాధికారి. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఓడ దిగింది బందరులో. మీర్ జుమ్లాను కలుసుకున్నది గండికోటలో.

కాబట్టి బందరు వెళితే మంగినపూడి అలలు చూసి తిరిగి రాకండి. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేటల్లో నడవండి. ఇంగ్లీషువారు, డచ్చివారు, ఫ్రెంచివారు ఆ పేర్లలో ఇంకా ఉన్నారు. డచ్చి సమాధుల మీది చెక్కడాలు తీరికగా చూడండి. దగ్గరలోని పెడనలో కలంకారీ అద్దకం చూడండి. ఒకప్పుడు ఈ తీరపు అద్దకపు బట్టల కోసమే ఆ ఓడలన్నీ వచ్చాయి.

చివరగా కడలి ముందు కాసేపు మౌనంగా నిలబడండి. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. మా కోట శత్రువుకు లొంగింది. బందరును దెబ్బతీసింది దాన్ని పోషించిన సముద్రమే.