మా ఊరి జట్టు ఎవరిది?

గచ్చిబౌలి బాలయోగి స్టేడియం గోడ పక్కనుంచే ఏళ్ళ తరబడి ఆఫీసుకి వెళ్ళొస్తున్నాను. లోపలేముందో చూడాలని ఎప్పుడూ అనిపించలేదు. ఆటస్థలం మనది కాదని ఆడవాళ్ళకి ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు కదా!

2019 నవంబరు 2న, పదేళ్ళ మా అమ్మాయి పోరు పడలేక మొదటిసారి లోపలికెళ్ళాను. సొంత ఊళ్ళో హైదరాబాద్ ఎఫ్‌సీకి అది మొదటి మ్యాచ్. పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో ఆ ఆగస్టులోనే పుట్టింది ఈ జట్టు. ఇండియన్ సూపర్ లీగ్‌లో మొదటి తెలుగు జట్టు. ఆ రాత్రి కేరళ బ్లాస్టర్స్‌ని 2-1తో ఓడించారు. ఆఫీసు మీటింగుల్లో గొంతు పెంచని నేను, గోల్ పడినప్పుడల్లా లేచి నిలబడి అరిచాను. బయటికొస్తుంటే మా అమ్మాయి అడిగింది, "అమ్మా, ఆడపిల్లల మ్యాచ్ ఎప్పుడు?" అని.

"ఉంటుందిలే" అన్నాను.

హైదరాబాదుకి ఫుట్‌బాల్ కొత్తేం కాదు. రహీం సాబ్ శిక్షణలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టుకి స్వర్ణం తెచ్చిన కోచ్ కూడా ఆయనే. ఆ ఆటగాళ్ళకి ఆట పోయినా పోలీసు ఉద్యోగం ఉండేది. జట్టుకి ఊరుండేది. అయితే ఆ గొప్ప చరిత్రంతా మగవాళ్ళదే. కొత్త జట్టయినా వేరేగా ఉంటుందని ఆశపడ్డాను.

మొదటి సీజన్లో 18 మ్యాచులాడి 10 పాయింట్లతో అట్టడుగున నిలిచారు. తర్వాత కోవిడ్. రెండు సీజన్లు గోవాలోనే ఆడారు. స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ కుర్రాళ్ళని నమ్మి జట్టుని నిలబెట్టాడు. 2022 మార్చి 20న ఫతోర్దాలో మళ్ళీ కేరళతోనే ఫైనల్. 1-1తో సమమయ్యాక పెనాల్టీల్లో 3-1తో గెలిచారు. గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. మా ఊరి జట్టు ఛాంపియన్ అయింది, ఆ సీజన్లో మా ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే! మేం టీవీలో చూసి మురిసిపోయాం.

ఆ తర్వాతి ఏడు లీగ్‌లో రెండో స్థానం. అంతలోనే డబ్బు కష్టాలు, జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా ఫిఫా నిషేధం. ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24లో 22 మ్యాచుల్లో ఒకే ఒక్క గెలుపు. 2024లో యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో జట్టు పేరు మార్చుకుని, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా తరలిపోయింది. ప్రాజెక్టుని రాత్రికి రాత్రి ఇంకో ఊరికి మార్చడం చూసిన హైటెక్ సిటీ వాళ్ళకి ఇందులో వింతేముంది? ఆరేళ్ళు మనదనుకున్నది నిజానికి ఒక కంపెనీ ఆస్తి.

భారత మహిళల లీగ్ 2017లోనే మొదలైంది. ఈ ఆరేళ్ళలో హైదరాబాద్ ఎఫ్‌సీ పేరుతో ఒక్క అమ్మాయీ అందులో ఆడలేదు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య గోకులం కేరళకి ఆడింది. 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌లో చేరింది. ఈస్ట్ బెంగాల్‌తో 2024-25 లీగ్ గెలిచి, దేశంలో ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణి అయింది. ఎక్కడెక్కడో గుర్తించారు ఆమెని. ఇంటికి దగ్గర్లో ఉన్న జట్టులో మాత్రం ఆమెలాంటి వాళ్ళకి చోటే లేదు!

మా అమ్మాయి ఏడో తరగతి దాకా అపార్ట్‌మెంట్ మగపిల్లలతో ఆడింది. తర్వాత వాళ్ళు పిలవడం మానేశారు. ఆడపిల్లల జట్టు కోసం తిరిగాం, దొరకలేదు. పసుపు జెర్సీ పొట్టిదైపోయింది. జట్టు ఢిల్లీ వెళ్ళిపోయిందని నేను బాధపడుతుంటే, "మనది కానిది పోతే మనకేంటమ్మా?" అంది. ఆరోజు నేను తేలిగ్గా అనేసిన "ఉంటుందిలే" గుర్తొచ్చి సిగ్గేసింది. ఉంటుందని చెప్పాను గానీ, ఎందుకు లేదని ఎవరినైనా నిలదీశానా?

ఆ స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం ప్రజల డబ్బుతో కట్టింది. రేపు ఇంకో కంపెనీ ఇంకో జట్టుతో వచ్చి ఆ మైదానం అడుగుతుంది. ఆడపిల్లల జట్టేదని మొదటి రోజే అడగాల్సింది మనమే.