సెవెన్ జెడ్ మేడ మీద

ఆఫీసుకి వచ్చిపోయే టైమ్‌ని 'ప్రొడక్టివ్'గా వాడుకోవడం ఎలా అని ఆ మధ్య మాకో సెషన్ పెట్టారు. పుస్తకం చదవండి, మెయిల్స్ క్లియర్ చేసుకోండి అన్నారు. నేను కిషన్‌బాగ్ నుంచి బైక్ మీద వస్తాను. అత్తాపూర్ దాకా ఒక ఎత్తు, అక్కణ్ణుంచి పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాల కింద మెహదీపట్నం దాకా ఇంకో ఎత్తు. క్లచ్ ఒక చేతిలో, బ్రేకు ఒక చేతిలో. పుస్తకం ఏ చేత్తో పట్టుకోవాలో ఆ సెషన్‌లో చెప్పలేదు.

ప్రయాణంలో చదవడమనే అలవాటుకి ఒక చరిత్ర ఉంది. లండన్ యూస్టన్ స్టేషన్లో 1848లో డబ్ల్యూ.హెచ్. స్మిత్ పుస్తకాల స్టాల్ తెరిచింది. జర్మన్ చరిత్రకారుడు షివెల్‌బుష్ 1977లో వచ్చిన 'రైల్వే జర్నీ'లో ఒక మంచి సంగతి పట్టుకున్నాడు. పుస్తకం వెనక దాక్కున్నది పై తరగతి పెట్టెల్లో ఎదురెదురుగా కూర్చున్న అపరిచితులట. కింది తరగతి వాళ్ళు కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అంటే చదువరికి ముందుగా కావలసింది ఆసక్తి కాదు, సీటు!

మన దగ్గర సికింద్రాబాద్–వాడి రైలు 1874లో మొదలైంది. బస్సులు చాలా ఆలస్యం. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వేనే 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా విభాగం పెట్టింది. ఆర్టీసీకి మూలం అదే. తర్వాత కొమ్మూరి సాంబశివరావు, టెంపోరావుల డిటెక్టివ్ నవలలు చేతిలో ఇమిడే సైజులో, రైల్వే స్టేషన్లలో, బస్టాండుల్లో దొరికే ధరకి వచ్చాయి. సాహిత్య చరిత్రలు వాటిని పెద్దగా పట్టించుకోలేదు. నాకైతే అది అన్యాయం అనిపిస్తుంది. చార్జీ ఇచ్చి టికెట్ కొన్నవాడి తీరిక సమయం కోసం ఇంత సూటిగా రాసిన తెలుగు రచయితలు ఇంకెవరున్నారు?

కిషన్‌బాగ్ వాళ్ళకి ఆ తీరిక సెవెన్ జెడ్‌లో దొరికేది. సికింద్రాబాద్ నుంచి జూపార్క్‌కి వచ్చే డబుల్ డెక్కర్. మాకు జూపార్క్ నడిచిపోయే దూరమే. చిన్నప్పుడు మేడ మీద ముందు సీటు కోసం కొట్టుకునేవాళ్ళం. నాకు బాగా గుర్తున్నది మాత్రం, సియాసత్ పేపర్‌ని నాలుగు మడతలు పెట్టి, పక్కవాడి మొహానికి తగలకుండా చదివే ఓ పెద్దాయన. దిగేలోగా మడత విప్పి తిప్పి మొత్తం అయిపోగొట్టేవాడు. ఆయన్ని ఎవరైనా 'టైమ్ బాగా వాడుకుంటున్నారు చాచా' అంటే నవ్వేవాడేమో. అది ఆయన సొంత టైమ్.

రెండువేల మూడు ప్రాంతంలో ఆ బస్సులు ఆపేశారు. ఆపాటికే 1998లో సైబర్ టవర్స్ వచ్చి, ఉద్యోగాలు సికింద్రాబాద్ వైపు కాక పడమటికి జరుగుతున్నాయి. 2009లో ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు. 11.6 కిలోమీటర్లు, ఎయిర్‌పోర్టుకి పోయేవాళ్ళు మా నెత్తి మీదుగా దూసుకుపోవడానికి. మాకు మిగిలింది పిల్లర్ నంబర్లు. ఇప్పుడు అత్తాపూర్‌లో అడ్రసు చెప్పాలన్నా అవే. మెట్రోలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా రావలసిన లైను 2020లో ఎంజీబీఎస్ దగ్గరే ఆగింది. పాతబస్తీ ముక్కకి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. అది పూర్తయినా కిషన్‌బాగ్ లోపలికి రాదు.

రాయదుర్గం మెట్రోలో నా కొలీగ్ ఒకడు ఏడాదిలో రెండు లావుపాటి నవలలు పూర్తి చేశాడు. వాడి క్రమశిక్షణని తక్కువ చెయ్యను గానీ, నాగోల్‌లో ఎక్కుతాడు, సీటు దొరుకుతుంది. అదే రైల్లో ఇంకొకడు ల్యాప్‌టాప్ తెరిచి, లాగిన్ అవకముందే గంట పని చేసేస్తాడు. ఆ గంట ఏ టైమ్‌షీట్‌లోనూ ఉండదు.

డబుల్ డెక్కర్లు 2023లో మళ్ళీ వచ్చాయి, ఎలక్ట్రిక్‌వి. హుస్సేన్‌సాగర్ చుట్టూ టూరిస్టులని తిప్పడానికి. బైక్ సర్వీసింగ్‌కి ఇచ్చిన రోజుల్లో నేను షేర్ ఆటో ఎక్కుతాను. ముగ్గురి చోట ఐదుగురం. పుస్తకం తీసే చోటుండదు. మొన్న ఒకావిడ మెహదీపట్నం వచ్చేదాకా ఆడబిడ్డ పెళ్ళి బేరాలు చెప్పింది. కథ సగంలో ఉండగా దిగాల్సి వచ్చింది.